జెఫర్సన్ ఉత్తరాలు, జెఫర్సన్ ఖాతా పుస్తకం: మీ ప్రశ్నలకు జవాబులు

పోయిన సంచికలో అమెరికా స్వాతంత్ర్య ప్రకటన గురించి రాస్తూ, ‘మనుషులందరూ పుట్టుకతో సమానులే’ అన్న వాక్యం రాసిన థామస్ జెఫర్సన్ స్వయంగా బానిసల యజమాని అని ఒక్క ముక్క అని ముందుకెళ్లిపోయాను. వచ్చిన ఉత్తరాలన్నీ ఆ ఒక్క ముక్క మీదే. మిగతా వ్యాసం ఎవరైనా చదివారో లేదో తెలీదు. సరే, ఈసారి శీర్షిక మొత్తం ఆయనకే ఇచ్చేశాను. ఒకేలా ఉన్న ప్రశ్నల్ని కలిపాను, కోపంగా రాసినవాళ్ల ప్రశ్నల్ని కాస్త కుదించాను, ఏమీ అనుకోకండి.

ప్రశ్న: ఒక్క మాటలో చెప్పండి. జెఫర్సన్ బానిసత్వానికి వ్యతిరేకా, అనుకూలమా? రెండింటికీ రుజువులు దొరుకుతున్నాయి, చదివేకొద్దీ గందరగోళంగా ఉంది. (ఒక డిగ్రీ విద్యార్థి)

జవాబు: ఒక్క మాటే కావాలంటే, రాతలో వ్యతిరేకి, బతుకులో యజమాని. ఇది పరీక్షలో పనికొస్తుందేమో గానీ ఆయన్ని అర్థం చేసుకోవడానికి పెద్దగా పనికిరాదు, ఎందుకంటే రాతలో కూడా ఆయన ఒకే మనిషి కాదు.

ముందు బతుకు సంగతి. 1743లో వర్జీనియాలో పొగాకు తోటలున్న కుటుంబంలో పుట్టాడు. తండ్రి వైపు నుంచి కొందరు బానిసలు వచ్చారు. 1773లో మామగారు జాన్ వేల్స్ చనిపోతే భార్య వాటాగా ఇంకో 135 మంది వచ్చారు, వాళ్లతో పాటే మామగారి అప్పులూ వచ్చాయి (ఈ అప్పుల్ని గుర్తుపెట్టుకోండి, కింద మళ్లీ తగులుతాయి). 83 ఏళ్ల జీవితంలో మొత్తం 600 మందికి పైగా మనుషులు ఆయన ఆస్తిగా ఉన్నారు. బతికుండగా ఇద్దరికి విడుదల పత్రం ఇచ్చాడు, వీలునామాలో ఇంకో ఐదుగురి పేర్లు రాశాడు. అంటే ఏడుగురు. ఆ ఏడుగురూ హెమింగ్స్ అనే ఒకే కుటుంబానికి చెందినవాళ్లు.

ఇక రాతలు. వయసులో ఉన్నప్పుడు నిజంగానే కొంత తెగించాడు. 1770లో శామ్యూల్ హోవెల్ అనే అతను తన స్వేచ్ఛ కోసం కోర్టుకెక్కితే జెఫర్సన్ అతని తరఫున లాయరుగా నిలబడి, ప్రకృతి ధర్మం ప్రకారం మనుషులంతా స్వేచ్ఛగానే పుడతారని వాదించాడు. ఓడిపోయాడు. 1784లో కాంగ్రెస్ సభ్యుడిగా ఉండగా, పశ్చిమాన కొత్తగా ఏర్పడబోయే రాష్ట్రాల్లో 1800 తర్వాత బానిసత్వం ఉండకూడదని ఒక నిబంధన రాశాడు. అది ఒక్క ఓటు తక్కువై పోయింది. న్యూజెర్సీ ప్రతినిధి ఒకాయన జబ్బుపడి సభకు రాలేదు, అంతే. ఇంకా పుట్టని లక్షలమంది తలరాత ఒక్క మనిషి నాలుక మీద వేలాడుతుంటే ఆ క్షణంలో స్వర్గం నోరు మెదపలేదు అని రెండేళ్ల తర్వాత ఒక ఉత్తరంలో బాధపడ్డాడు. ఆ బాధలో నటన ఉందని నాకనిపించదు.

ఆ తర్వాత పదవులు పెరిగాయి, గొంతు తగ్గింది. విదేశాంగ మంత్రి, ఉపాధ్యక్షుడు, 1801 నుంచి 1809 దాకా అధ్యక్షుడు. బయటి దేశాల నుంచి బానిసల్ని దిగుమతి చేయడాన్ని నిషేధించే చట్టం మీద 1807లో సంతకం పెట్టాడు, అది 1808 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఆ గౌరవం ఆయనకు ఇవ్వాల్సిందే. కాకపోతే దేశం లోపల మనుషుల్ని అమ్ముకోవడం, కొనుక్కోవడం మామూలుగానే సాగింది, పైగా బయటినుంచి సరుకు ఆగిపోయాక లోపలి ‘సరుకు’కి గిరాకీ పెరిగింది, అమ్మడానికి మనుషులు ఎక్కువగా ఉన్న రాష్ట్రం వర్జీనియాయే.

అందుకే ఆయన మాట ఏది కనిపించినా, ఎప్పుడు రాశాడో, ఎవరికి రాశాడో చూడండి. సగం గందరగోళం అక్కడే తీరిపోతుంది.

ప్రశ్న: స్వాతంత్ర్య ప్రకటన మొదటి ముసాయిదాలో బానిస వ్యాపారాన్ని తిట్టే పేరా ఉండేదట, నిజమేనా? ఎవరు తీసేశారు?

జవాబు: నిజమే. 1776 ముసాయిదాలో బ్రిటన్ రాజు మూడో జార్జి నేరాల చిట్టాలో అదే చివరిది, అన్నింటికంటే ఘాటైనది. తనకు ఏ హానీ చేయని దూరదేశపు ప్రజల్ని పట్టుకుని, ఇంకో ఖండానికి బానిసలుగా తరలించి, రాజు మానవ స్వభావం మీదే క్రూరమైన యుద్ధం చేశాడని రాశాడు. ‘మనుషుల్ని’ కొని అమ్మే బజారును తెరిచే ఉంచాలని చూశాడని అంటూ, ఆ ఒక్క మాటని పెద్ద అక్షరాల్లో రాశాడు. ‘మనుషులందరూ’ అన్నప్పుడు నల్లవాళ్లు ఆయన మనసులో లేనేలేరు అని వాదించేవాళ్లకు ఈ పెద్ద అక్షరాలు కొంచెం ఇబ్బందే.

కానీ పేరా అక్కడితో ఆగదు. ఆ వెంటనే, అదే రాజు ఇప్పుడు ఆ బానిసల్ని మా మీద తిరగబడమని రెచ్చగొడుతున్నాడు అని ఇంకో నేరం మోపాడు. 1775లో వర్జీనియా గవర్నరు డన్మోర్, తిరుగుబాటుదారుల బానిసలు తమ పక్షాన వచ్చి పోరాడితే స్వేచ్ఛ ఇస్తామని ప్రకటించాడు, ఆ కోపం ఇది. అంటే వాళ్లను బానిసలుగా చేయడమూ రాజు నేరమే, వాళ్లకు విడుదల ఇస్తాననడమూ రాజు నేరమే! ఈ మధ్యలో వాళ్లను కొనుక్కున్న తోటల యజమానులు మాత్రం పాపం అమాయకులు.

కాంగ్రెస్ ఆ పేరా మొత్తం కొట్టేసింది. సౌత్ కరొలైనా, జార్జియా వాళ్ల మొహమాటానికి తీసేశారని, ఉత్తరాది సోదరులకు కూడా కాస్త గుచ్చుకుందని, వాళ్ల దగ్గర బానిసలు తక్కువే అయినా ఓడల్లో తెచ్చి ఇచ్చింది వాళ్లేనని జెఫర్సన్ 1821లో రాసుకున్న ఆత్మకథలో చెప్పాడు. ఆ మాటల్లో చురక ఉంది, నిజమూ ఉంది.

ప్రశ్న: వర్జీనియా గురించి ఆయన రాసిన పుస్తకంలో ఒకచోట బానిసత్వం పాపమని ఏడుస్తాడు, ఇంకోచోట నల్లవాళ్లు తెలివిలో తక్కువ అంటాడు. ఒకే మనిషి రాశాడంటే నమ్మబుద్ధి కావట్లేదు. (చరిత్ర చెప్పే ఒక టీచరు)

జవాబు: ఒకే మనిషి, ఒకే పుస్తకం, మధ్యలో దూరం నాలుగు అధ్యాయాలు. మీరన్నది ‘వర్జీనియా రాష్ట్రం మీద నోట్స్’. ఇది కూడా మన శీర్షిక లాంటిదే, ప్రశ్నలు జవాబులు. ఫ్రెంచి దౌత్య కార్యాలయంలో కార్యదర్శిగా ఉన్న బార్బే మార్బోవా అమెరికా రాష్ట్రాల గురించి కొన్ని ప్రశ్నలు పంపితే జెఫర్సన్ 1781లో రాయడం మొదలుపెట్టి, చివరికి 23 ప్రశ్నలకు జవాబులుగా అమర్చాడు. నదులు, కొండలు, జంతువులు, చట్టాలు, అన్నీ ఉంటాయి.

18వ జవాబు వర్జీనియా ప్రజల నడవడిక గురించి. అక్కడ ఆయన ఎత్తుకున్నది బానిసలకు జరిగే హింసతో కాదు, యజమానుల పిల్లలతో. తండ్రి బానిస మీద విరుచుకుపడుతుంటే పిల్లవాడు చూస్తాడు, ఆ మొహంలో గీతలు తన మొహానికి తెచ్చుకుంటాడు, తనకంటే చిన్న బానిస పిల్లల మీద అదే చూపిస్తాడు, అలా రోజూ నియంతృత్వంలో శిక్షణ పొందుతాడు అంటాడు. తను పెరిగిన ఇల్లే చూసి రాసినట్టుంటుంది. ఆ తర్వాత వస్తుంది అందరూ ఎత్తిచూపే వాక్యం: దేవుడు న్యాయమూర్తి అని తలుచుకుంటే నా దేశం గురించి నాకు వణుకు పుడుతుంది, ఆయన న్యాయం ఎప్పటికీ నిద్రపోదు. బానిసలూ యజమానులూ తలపడే రోజే వస్తే దేవుడి గుణాల్లో ఒక్కటి కూడా మన పక్షం నిలవదు అని కూడా అంటాడు.

ఇప్పుడు 14వ జవాబుకి రండి. విషయం చట్టాలు. ఫలానా తేదీ తర్వాత పుట్టే బానిస పిల్లల్ని విడుదల చేసి, చదువూ పనీ నేర్పించి, పెద్దయ్యాక వేరే చోటికి పంపేయాలని ఒక పథకం చెబుతాడు. వేరే చోటికి ఎందుకు, ఇక్కడే ఎందుకు ఉంచుకోకూడదు అని తనే ప్రశ్న వేసుకుని, తెల్లవాళ్ల మనసుల్లో పాతుకుపోయిన ద్వేషాలు, తాము పడ్డ గాయాల గురించి నల్లవాళ్లకుండే పదివేల జ్ఞాపకాలు, ఇవి కలిసి బతకనివ్వవు అంటాడు. ఇంతవరకు కనీసం వాదన. ఆపైన మొదలవుతుంది అసలు దరిద్రం. రంగు, జుట్టు, చెమట వాసన, నిద్ర, ప్రేమ, దుఃఖం, అన్నీ వరసపెట్టి పోల్చి, జ్ఞాపకశక్తిలో సమానమే గానీ తర్కంలో బాగా తక్కువ, ఊహాశక్తి చప్పగా ఉంటుంది అని తేలుస్తాడు. చివర్లో ఇది నా అనుమానం మాత్రమే అని ఒక తోక తగిలిస్తాడు. శాస్త్రజ్ఞుడి జాగ్రత్త అనుకోవాలట మనం!

బానిసగా బోస్టన్ వచ్చిన ఫిలిస్ వీట్లీ కవితలు 1773లోనే లండన్‌లో పుస్తకంగా వచ్చాయి. ఆవిడ సంగతేమిటి మరి అంటే, ఆవిడ రాసినవి విమర్శకు కూడా తగవు అని ఒక్క మాటతో పక్కన పెట్టేశాడు. పదిమంది నల్లవాళ్లలో ఒక కవి కనిపించకపోతే అది జాతి లోపం, కనిపిస్తే ఆవిడ కవి కాదు. ఇలాంటి పందెంలో ఎవరు గెలుస్తారు చెప్పండి.

ఇది బెంజమిన్ బానెకర్‌తో మళ్లీ జరిగింది. మేరీల్యాండ్‌లో స్వేచ్ఛగా పుట్టిన నల్లజాతి రైతు, లెక్కలూ ఖగోళమూ సొంతంగా నేర్చుకున్నవాడు. 1791 ఆగస్టు 19న తాను లెక్కకట్టిన పంచాంగం చేతిరాత ప్రతిని జెఫర్సన్‌కు పంపుతూ పొడుగాటి ఉత్తరం రాశాడు. మీరే కదయ్యా మనుషులంతా సమానులన్నారు, మరి నా సోదరుల్ని బలవంతంగా పట్టి ఉంచారేమిటి అని ప్రకటనలోని మాటల్నే ఆయన ముందు పెట్టాడు. జెఫర్సన్ పదకొండు రోజుల్లో మర్యాదగా జవాబిచ్చాడు. ఇలాంటి రుజువులు చూడాలని నాకంటే ఎక్కువ కోరుకునేవాడు లేడు అన్నాడు. పంచాంగాన్ని పారిస్‌లో ఉన్న పండితుడు కొండోర్సేకు పంపాడు కూడా. కథ ఇక్కడ ఆపితే చాలా బాగుంటుంది, చాలామంది ఇక్కడే ఆపుతారు.

1809 ఫిబ్రవరిలో, నల్లజాతి రచయితల గురించి పుస్తకం రాసిన ఫ్రెంచి మతాచార్యుడు గ్రెగ్వార్‌కు జెఫర్సన్ ఇలా రాశాడు: వాళ్ల ప్రతిభ ఎంతైనా కావచ్చు, అది వాళ్ల హక్కులకు కొలత కాదు, ఐజాక్ న్యూటన్ అందరికంటే తెలివైనవాడు కాబట్టి ఇతరుల శరీరాలకూ ఆస్తులకూ యజమాని అయిపోలేదు కదా. ఆయన రాసినవాటిలో ఇంతకంటే మంచి వాదన నాకు కనిపించలేదు. సరిగ్గా అదే ఏడాది అక్టోబరులో తన స్నేహితుడు జోయెల్ బార్లోకు రాసిన ఉత్తరంలో, గ్రెగ్వార్‌కు మెత్తగా జవాబిచ్చి తప్పించుకున్నానని చెప్పి, బానెకర్ పంచాంగం వెనక వేరేవాళ్ల సాయం ఉందేమోనని అనుమానపడి, అతని ఉత్తరం చూస్తే బుద్ధి చాలా మామూలుదేనని తెలుస్తుంది అన్నాడు. అప్పటికి బానెకర్ చనిపోయి మూడేళ్లయింది. జవాబు చెప్పుకునే అవకాశం కూడా లేదు.

పంపే చిరునామా మారితే మాట మారింది. టీచరుగారూ, మీ విద్యార్థులకు ఈ రెండు ఉత్తరాలు పక్కపక్కన పెట్టి చూపించండి, నేను చెప్పే దానికంటే అదే బాగా పనిచేస్తుంది.

ప్రశ్న: రెండువందల ఏళ్ల కిందటి మనిషిని ఇప్పటి కొలతతో కొలవడం అన్యాయం కాదా? అప్పుడు అందరూ అంతే కదా.

జవాబు: ఎక్కువ ఉత్తరాల్లో ఉన్న ప్రశ్న ఇదే. ఇప్పటి కొలత వద్దు, అప్పటి కొలతే తీసుకుందాం. అసలు ఆయన సొంత కొలతే తీసుకుందాం, ఎందుకంటే ఇది పాపమని మనం వెనక్కి వెళ్లి చెప్పక్కర్లేదు, 1780లలోనే ఆయనే చెప్పుకున్నాడు. 1786లో ఒక ఫ్రెంచి రచయితకు రాస్తూ, మనిషి ఎంత వింత యంత్రం, తన స్వేచ్ఛ కోసం ఆకలి, దెబ్బలు, జైలు, చావు కూడా భరిస్తాడు, మరుక్షణం తోటి మనిషి మీద అంతకంటే ఎన్నో రెట్లు ఘోరమైన బానిసత్వం రుద్దుతాడు అన్నాడు. అద్దం చూసుకుంటూ రాశాడా అనిపిస్తుంది.

‘అందరూ అంతే’ కూడా కాదు. వర్జీనియాలోనే రాబర్ట్ కార్టర్ అనే పెద్ద భూస్వామి 1791లో పత్రం రాసి 450 మందికి పైగా బానిసల్ని విడతలుగా విడుదల చేయడం మొదలుపెట్టాడు. జార్జి వాషింగ్టన్ తన పేరున ఉన్న 123 మందికి వీలునామాలో విడుదల రాశాడు, 1799లో. ఆలస్యంగానే, చచ్చాకే, అయినా రాశాడు.

ఇంకా దగ్గరి ఉదాహరణ ఎడ్వర్డ్ కోల్స్. జెఫర్సన్ ఉన్న ప్రాంతంవాడే, అధ్యక్షుడు మాడిసన్ దగ్గర కార్యదర్శి, వయసు ముప్ఫై లోపు. 1814లో జెఫర్సన్‌కు ఉత్తరం రాసి, మీరు ముందుండి నడిపిస్తే విముక్తి సాధ్యమవుతుంది, నా మట్టుకు నేను నా బానిసల్ని తీసుకుని వర్జీనియా వదిలిపోదామనుకుంటున్నాను అన్నాడు. జెఫర్సన్‌కు అప్పుడు 71. జవాబులో ఏమన్నాడంటే, నీ భావాలు గొప్పవి, నావీ అవే, కానీ ఇది యువకుల పని, ముసలివాడి దగ్గర ప్రార్థనలు తప్ప వేరే ఆయుధాలు లేవు. అక్కడితో ఊరుకుంటే పోనీ అనుకోవచ్చు. నువ్వు కూడా ఊరు విడిచి పోకు, నీ బానిసల్ని బాగా చూసుకుంటూ ఇక్కడే ఉండు అని సలహా కూడా ఇచ్చాడు! ముప్ఫై ఏళ్ల కిందట తను యువకుడిగా ఉన్నప్పుడు కూడా ఇది తర్వాతి తరం చేయాల్సిన పనేనని అన్నాడు. ఆ తర్వాతి తరం గుమ్మం ముందుకొచ్చి నిలబడితే, తొందరపడకు నాయనా అన్నాడు.

కోల్స్ వినలేదు. 1819లో తన బానిసల్ని పడవల్లో ఒహాయో నది మీదుగా తీసుకెళ్తూ, మధ్యలో పడవలు కట్టించి, ఈ క్షణం నుంచి మీరు స్వేచ్ఛాజీవులు అని చెప్పాడు. ఇల్లినాయ్‌లో ఒక్కో కుటుంబ పెద్దకు 160 ఎకరాలు ఇచ్చాడు. తర్వాత అక్కడే గవర్నరు అయ్యి ఆ రాష్ట్రంలోకి బానిసత్వం రాకుండా పోరాడాడు.

ప్రశ్న: పాపం ఆయన అప్పుల్లో ఉన్నాడు, చట్టాలు అడ్డొచ్చాయి. విడుదల చేయాలని ఉన్నా చేయలేకపోయాడని చదివాను.

జవాబు: సగం నిజం. చట్టం సంగతి చూస్తే, 1782 నుంచి వర్జీనియాలో యజమాని తన బానిసను ప్రభుత్వ అనుమతి అడక్కుండానే విడుదల చేయొచ్చు. 1806లో బిగించారు, విడుదలైనవాళ్లు ఏడాదిలోగా రాష్ట్రం వదిలిపోవాలన్నారు. అంటే మధ్యలో 24 ఏళ్లు తలుపు తెరిచే ఉంది. ఆ 24 ఏళ్లలో జెఫర్సన్ విడుదల చేసింది ఇద్దర్ని. అందులో జేమ్స్ హెమింగ్స్ పారిస్‌లో ఫ్రెంచి వంట నేర్చుకున్నవాడు. తన స్థానంలో ఇంకొకరికి ఆ వంటంతా నేర్పితే విడుదల చేస్తానని 1793లో కాగితం రాసిచ్చాడు, తమ్ముడు పీటర్‌కు నేర్పాక 1796లో వదిలాడు.

అప్పులు మాత్రం నిజం. మామగారి అప్పు, కట్టి కూల్చి మళ్లీ కట్టిన మాంటిచెల్లో అనే సొంత భవనం, వైన్లు, పుస్తకాలు, స్నేహితుడికి పెట్టిన హామీ సంతకం, అన్నీ కలిసి చనిపోయేనాటికి అప్పు లక్ష డాలర్లు దాటింది. బానిసలు అప్పులవాళ్లకు తాకట్టు లాంటివాళ్లు. కానీ లెక్కలు రాసే చేయి ఏం రాసిందో కూడా చూడాలి. ఆయనకు తోటల ఖాతా పుస్తకం ఒకటుండేది. బానిసల పేర్లు, పుట్టిన సంవత్సరాలు, ఇచ్చిన దుప్పట్లు, గుడ్డ ఎన్ని గజాలు, అన్నీ ఆయన చక్కటి దస్తూరిలో ఉంటాయి. 1794లో పెట్టిన మేకుల తయారీ షెడ్డులో 10 నుంచి 16 ఏళ్ల పిల్లలు సుత్తి కొట్టేవాళ్లు, ఎవరు ఎన్ని మేకులు చేశారు, ఎంత ఇనుము వృథా చేశారు అనేది జెఫర్సన్ రోజూ కూర్చుని లెక్కవేసేవాడు. ఆ షెడ్డులో పనిచేసిన జేమ్ హబ్బర్డ్ అనే కుర్రాడు పెద్దయ్యాక పారిపోయి దొరికితే, పాత తోటివాళ్ల ముందు గట్టిగా కొరడా దెబ్బలు కొట్టించానని 1812లో స్వయంగా రాశాడు.

ఇంకోటి. 1820లో అల్లుడు జాన్ ఎప్స్‌కు రాసిన ఉత్తరంలో, రెండేళ్లకో బిడ్డను కనే ఆడమనిషి పొలంలో పనిచేసే మంచి మగవాడికంటే ఎక్కువ లాభసాటి అన్నాడు. మగవాడు పండించింది తిండికే అయిపోతుంది, ఆమె కన్నది మాత్రం ఆస్తికి కలుస్తుంది, అదీ లెక్క. న్యూటన్ పేరు చెప్పి హక్కుల గురించి అంత గొప్పగా రాసిన చేయే ఇదీ రాసింది. చేయాలని ఉండి చేయలేకపోయినవాడు ఇలా రాస్తాడా అన్నది మీరే ఆలోచించుకోండి, నాకైతే అనుమానమే.

ప్రశ్న: ‘తోడేలు చెవులు పట్టుకున్నాం’ అన్న మాట ఆయనదేనా?

జవాబు: ఆ పోలిక అంతకుముందే ఉంది గానీ బానిసత్వానికి వాడి పేరు తెచ్చింది ఆయనే. మనం పులి మీద స్వారీ అంటాం చూడండి, అలాంటిదే. 1820 ఏప్రిల్ 22న జాన్ హోమ్స్‌కు రాసిన ఉత్తరంలో ఉంది. మిజోరీని బానిసలుండే రాష్ట్రంగా చేర్చుకోవాలా వద్దా అని కాంగ్రెస్ కొట్టుకుంటున్న రోజులు. ఆ వార్త అర్ధరాత్రి అగ్నిప్రమాద గంటలా నన్ను ఉలిక్కిపడేలా చేసింది అన్నాడు. తోడేలును పట్టి ఉంచలేం, వదిలేస్తే ప్రాణానికి భద్రత లేదు, త్రాసులో ఒకవైపు న్యాయం, రెండోవైపు ఆత్మరక్షణ అన్నాడు.

అందరూ తోడేలు దగ్గర ఆగిపోతారు గానీ నాకు ఆ ఉత్తరంలో కొట్టొచ్చినట్టు కనిపించేది వేరే. 1784లో పశ్చిమాన బానిసత్వం వద్దని నిబంధన రాసిన మనిషే, 1820లో మిజోరీలో కాంగ్రెస్ దాన్ని ఆపకూడదు అంటున్నాడు. బానిసల్ని ఎక్కువ ప్రాంతానికి పలచగా పరిస్తే వాళ్లూ సుఖపడతారు, విముక్తీ తేలికవుతుందట. మంటను ఇల్లంతా పరిస్తే త్వరగా ఆరుతుంది అన్నట్టు. ఇంకో మాట, ఆ పోలికలో తోడేలు ఎవరో కూడా ఒకసారి గమనించండి.

ప్రశ్న: శాలీ హెమింగ్స్ కథ నిజమా, రాజకీయ శత్రువులు పుట్టించిందా?

జవాబు: తెలియనివాళ్ల కోసం, తన బానిస శాలీ ద్వారా జెఫర్సన్‌కు పిల్లలు పుట్టారన్నదే ఆ కథ. పత్రికలో బయటపెట్టింది శత్రువే, 1802లో జేమ్స్ కాలెండర్ అనే పత్రికా రచయిత. కానీ శత్రువు చెప్పినంత మాత్రాన అబద్ధం అయిపోదు. శాలీ జెఫర్సన్ భార్య మార్తాకు సవతి చెల్లెలు, మామగారికి ఒక బానిస స్త్రీ ద్వారా పుట్టిన కూతురు. 1787లో జెఫర్సన్ చిన్న కూతురికి తోడుగా పారిస్ వెళ్లేనాటికి ఆమెకు 14 ఏళ్లు, ఆయనకు 44. ఫ్రాన్సులో ఆమె కోర్టుకెళ్తే స్వేచ్ఛ దొరికేది. తనకు పుట్టబోయే పిల్లల్ని 21 ఏళ్లకు విడుదల చేస్తానని మాట తీసుకున్నాకే తల్లి తిరిగి వర్జీనియా వచ్చిందని కొడుకు మాడిసన్ హెమింగ్స్ 1873లో ఒహాయోలో ఒక పత్రికకు చెప్పాడు.

1998లో జరిగిన డీఎన్ఏ పరీక్షలో చిన్న కొడుకు ఎస్టన్ వంశం జెఫర్సన్ల మగ వంశంతో కలిసింది. పరీక్ష ఫలానా థామసే అని చెప్పలేదు, జెఫర్సన్ల వంశం అని చెప్పింది. దానికి ఆమెకు పిల్లలు కలిగిన ప్రతిసారీ తొమ్మిది నెలల ముందు ఆయన మాంటిచెల్లోలోనే ఉన్నాడన్న రికార్డు, ఆ పిల్లలందరికీ ఏదో రకంగా స్వేచ్ఛ దొరికిందన్న సంగతి కలిపితే, ఇవాళ ఎక్కువమంది చరిత్రకారులు తండ్రి ఆయనే అని ఒప్పుకుంటారు. మాంటిచెల్లోను నడిపే సంస్థ కూడా 2000లో ఆ నిర్ణయానికే వచ్చింది. ప్రేమకథగా చెప్పుకునేవాళ్లున్నారు, నేను చెప్పలేను. కాదనే హక్కు లేని 14 ఏళ్ల పిల్ల ఆమె. సుమారు 19,000 ఉత్తరాలు రాసిన మనిషి, ఆమె గురించి ఎక్కడా ఒక్క ముక్క వివరణ ఇవ్వలేదు, ఔననీ కాదనీ పత్రికలకు చెప్పలేదు. ఖాతా పుస్తకంలో మాత్రం దుప్పట్ల లెక్కలో శాలీ పేరుంటుంది.

ప్రశ్న: వాషింగ్టన్‌లో ఆయన స్మారకం గోడ మీద ‘ఈ ప్రజలు స్వేచ్ఛ పొందడం విధి గ్రంథంలో రాసి ఉంది’ అని చూశాను. ఇంత స్పష్టంగా రాసినవాణ్ణి అనుమానించడం దేనికి? (అమెరికా వెళ్లొచ్చిన ఒక పాఠకుడు)

జవాబు: గోడ మీద వాక్యం అక్కడ అయిపోయింది, కాగితం మీద అయిపోలేదు. అది 1821 ఆత్మకథలోది. దాని వెంటనే ఉన్న మాట ఇదీ: రెండు జాతులూ సమానమైన స్వేచ్ఛతో ఒకే ప్రభుత్వం కింద బతకలేవన్నది కూడా అంతే ఖాయం. 1943లో స్మారకం కట్టినవాళ్లు మొదటి సగం రాతి మీద చెక్కి రెండో సగం వదిలేశారు, దాని పక్కన ‘నోట్స్’లోని వణుకు వాక్యాన్ని చేర్చారు. ఒక్కో మాటా ఆయనదే. కూర్పు మాత్రం వేరేవాళ్లది. విడుదల, ఆపైన దేశం దాటించడం, ఈ రెండూ ఆయన దృష్టిలో ఒకే పని. నలభై ఏళ్లలో ఎన్నో మార్చుకున్నాడు గానీ ఇది మార్చుకోలేదు.

ప్రశ్న: అలాంటప్పుడు ఆయన రాసిన ‘సమానులే’ అన్న వాక్యానికి విలువేముంది?

జవాబు: ఆ వాక్యానికి ఆయన పూచీ అక్కర్లేకపోయింది. బానెకర్ 1791లోనే దాన్ని లాక్కుని ఆయన మీదే ప్రయోగించాడు. 1829లో డేవిడ్ వాకర్ అనే నల్లజాతి రచయిత ‘నోట్స్’ను చీల్చిచెండాడుతూనే, మీ ప్రకటనను మీరే చదువుకోండి అని తెల్లవాళ్లను నిలదీశాడు. లింకన్ 1859లో జెఫర్సన్‌ను ఆ వాక్యం కోసమే పొగిడాడు. ఇక 1861లో విడిపోయిన దక్షిణాది ప్రభుత్వానికి ఉపాధ్యక్షుడైన అలెగ్జాండర్ స్టీఫెన్స్, జెఫర్సన్ తరంవాళ్లు జాతులు సమానమన్న పొరపాటు ఆలోచన మీద దేశాన్ని కట్టారు, మా కొత్త ప్రభుత్వానికి పునాది సరిగ్గా దానికి వ్యతిరేకం అని బాహాటంగా చెప్పాడు. బానిసత్వం కోసం యుద్ధానికి దిగినవాళ్లకు ఆ వాక్యం అడ్డంగా కనిపించిందంటే, అది ఖాళీ మాట కాదనే కదా.

ప్రశ్న: ఆయన చనిపోయాక మాంటిచెల్లోలో ఉన్న బానిసలు ఏమయ్యారు?

జవాబు: 1826 జూన్ 24న, స్వాతంత్ర్య స్వర్ణోత్సవానికి రాలేనని చెబుతూ ఆయన రాసిన ఉత్తరంలో ఒక అందమైన మాట ఉంది. మానవజాతిలో ఎక్కువమంది వీపు మీద జీనుతో పుట్టలేదు, కొద్దిమంది బూట్లు తొడుక్కుని వాళ్ల మీద స్వారీ చేయడానికీ పుట్టలేదు. పది రోజులకు, జూలై 4నే, చనిపోయాడు. ఆరు నెలలకు, 1827 జనవరి చలిలో, అప్పులు తీర్చడానికి మాంటిచెల్లోలో వేలం వేశారు. ప్రకటనలో ముందుగా రాసింది 130 మంది బానిసలు అని, తర్వాత పశువులు, పనిముట్లు, సామాన్లు.

వీలునామా ప్రకారం విడుదల కావాల్సిన ఐదుగురిలో జో ఫాసెట్ అనే కమ్మరి ఉన్నాడు. విడుదల అతనొక్కడికే, భార్యాపిల్లలకు లేదు. భార్య ఈడిత్ అధ్యక్షభవనంలో వంట నేర్చుకుని మాంటిచెల్లోలో ఏళ్ల తరబడి వండిపెట్టిన మనిషి. ఆమెనూ పిల్లల్నీ వేర్వేరు కొనుగోలుదార్లకు అమ్మేశారు. జో కమ్మరిపని చేసుకుంటూ, బంధువుల సాయంతో ఆమెనూ కొందరు పిల్లల్నీ కొనుక్కున్నాడు. కొడుకు పీటర్‌కు వేలం నాటికి 11 ఏళ్లు. అతణ్ణి కొన్నవాడు తిరిగి అమ్మనన్నాడు. పీటర్ రెండుసార్లు పారిపోయాడు, రెండుసార్లూ దొరికాడు. అతను తల్లిదండ్రుల దగ్గరికి చేరేసరికి ఇంచుమించు 1850 అయింది. తర్వాత సిన్సినాటిలో చర్చి పాస్టరుగా చాలాకాలం బతికాడు, ముసలితనంలో తన కథ తనే చెప్పాడు. మాంటిచెల్లోలో ఉండగానే చదవడం నేర్చుకున్నాడట.